నాలుగో నంబరు మంచం

"నానమ్మా, నా తెల్లకోటు ఎక్కడుందో ఆవిడని అడుగు."

ఆవిడ అంటే కన్నతల్లి. నాలుగడుగుల దూరంలో వంటగది గుమ్మాన్ని పట్టుకుని నిలబడే ఉంది. అయినా పిచ్చుక మొన్న సాయంత్రం నుంచి తల్లితో నేరుగా మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా నానమ్మ ద్వారానే.

"కోటు నా ఒళ్ళోనే ఉందే. బొత్తాం ఊడితే కుడుతున్నాను," అంది నానమ్మ.

"కుట్టకపోయినా పర్లేదు, ఇచ్చెయ్యి. సాయంత్రానికల్లా హాస్టల్లో చేరాలి."

"హాస్టలెందుకు?" అంది తల్లి.

"ఈ ఇంట్లో ఉంటే చదువు సాగదని చెప్పు నానమ్మా ఆవిడకి."

నానమ్మ సూది ఆపి ఇద్దరి వంకా చూసింది. "నన్ను మధ్యలో పోస్టుమాన్ని చేయకండి. ఆవిడ నాతో చెప్పడం, నేను నీతో చెప్పడం, మళ్ళీ నువ్వు నాతో చెప్పడం. నా వయసుకి ఇంత ఉద్యోగం అవసరమా? మొన్న కాలేజీలో ఏం జరిగిందో ఎవరో ఒకరు నోరు విప్పండి ముందు."

ఇది చదువుకున్నవాళ్ళ ఇల్లు. ఇక్కడ గిన్నెలు విసురుకోరు, తలుపులు కూడా మెల్లగానే మూసుకుంటారు. అందుకే ఈ ఇంటి గొడవలు పక్కింటికి వినపడవు, తొందరగా తీరవు కూడా.

పిచ్చుక బట్టలు సర్దడం ఆపి నానమ్మ పక్కన కూర్చుంది. అసలు పేరు వేరే ఉంది గాని అది కాలేజీ రిజిస్టరుకే పరిమితం. తండ్రి పెట్టిన పేరే ఇంట్లో చెల్లింది. పద్దెనిమిదేళ్ళు వచ్చినా పిచ్చుకే. ఈ ఏడే తల్లి పాఠాలు చెప్పే యూనివర్సిటీలోనే నర్సింగులో చేరింది.

"మా డిపార్టుమెంటులో ఒక వార్డుంది నానమ్మా. నిజంది కాదు. హెడ్‌సెట్ తలకి తగిలించుకుంటే కనబడుతుంది. ఆరు మంచాలు, ఒక కిటికీ, కిటికీ బయట వాన. పేషెంట్లు కూడా బొమ్మలే. కాని మాట్లాడతారు, మనం అడిగినదానికి జవాబు చెబుతారు. నిజం మనుషుల మీద తప్పులు చేయకుండా ముందు అక్కడ నేర్చుకోవాలి. దాన్ని కట్టింది ఈవిడే."

"అది తెలుసులే. ఏడాదిపాటు ఆ కంప్యూటరు ముందు నుంచి లేవలేదుగా."

"అందులో నాలుగో నంబరు మంచం మీద ఒకాయన ఉంటాడు. ఆయన బతకడు. ఆ సంగతి ఆయనకి చెప్పడమే మా పరీక్ష. మొన్న నా వంతు వచ్చింది. దగ్గరికి వెళ్ళాను. ఎవరిదో మొహం. నోరు తెరిచి, 'సిస్టరుగారూ, కొంచెం ఇటు రండి. నిజం చెప్పండి, దాచొద్దు. నేను ఇంటికి వెళ్తానా?' అన్నాడు."

పిచ్చుక నానమ్మ ఒళ్ళోని కోటు అంచు పట్టుకుంది. "నాన్న గొంతు నానమ్మా అది."

నానమ్మ ఒళ్ళోంచి బొత్తాం జారి కింద పడింది. అది సోఫా కిందకి దొర్లిపోయినా ఎవరూ చూడలేదు.

ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేశాడు. పంతొమ్మిదేళ్ళు ఆ ఊరివాళ్ళందరూ ఆ గొంతు విని పరిగెత్తారు, ఆ గొంతు విని నిట్టూర్చి మళ్ళీ బెంచీల మీద కూలబడ్డారు. ఇంట్లోనూ అదే ధోరణి. భోజనానికి పిలవాలంటే, "ప్రయాణికులకు మనవి. కంచాలు ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నాయి" అనేవాడు. చెప్పే ముందు చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే పిచ్చుకకి నవ్వు వచ్చేసేది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన పోయాక నెలకే స్టేషన్లో మెషిను గొంతు పెట్టేశారు. ఫోన్లో ఆయన మాటలున్న వీడియోలు మూడు మిగిలాయి. అన్నీ కలిపితే ఒకటిన్నర నిమిషం.

"వాడి గొంతా?" అంది నానమ్మ. "ఇప్పటికీ మాట్లాడుతోందా?"

"వారానికి మూడు క్లాసులు," అంది పిచ్చుక. "అందరికీ. నాకు తప్ప."

తల్లి గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. "నీ నంబరు వేరే వార్డులో వేశానమ్మా. మొన్న రెండు హెడ్‌సెట్లు పాడయ్యాయని ల్యాబులో బ్యాచులు కలిపేశారు. నాకు తెలిసేసరికి నువ్వు లోపల ఉన్నావు."

రెండు రోజుల్లో మొదటిసారి పిచ్చుక తల్లి వైపు తిరిగింది. "అంటే నేను ఎప్పటికీ వినకుండా ఏర్పాట్లు చేశావన్నమాట."

"నువ్వు కాలేజీలో చేరకముందే చెబుదామనుకున్నాను."

"అనుకున్నావు."

"ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు."

"నీకు తెలియలేదా?" పిచ్చుక నవ్వబోయింది, రాలేదు. "నాకు పధ్నాలుగేళ్ళప్పుడు, ఎనిమిది వారాలు, మీరిద్దరూ మధ్యాహ్నం పూట బయటికి వెళ్ళేవాళ్ళు. చెకప్పు అనేవాళ్ళు. వచ్చి తగ్గుతోంది అనేవాళ్ళు. నేను స్నేహితురాళ్ళందరికీ చెప్పుకున్నాను, మా నాన్నకి తగ్గుతోందని. ఆయన పోయిన రోజు పొద్దున కూడా చెప్పాను. మీరు వెళ్ళింది చెకప్పుకి కాదు. రికార్డింగుకి."

"రెండింటికీ వెళ్ళాం."

"తనకి తగ్గదని నాన్న మైకుకి చెప్పాడు. నాలుగేళ్ళలో నాలుగువందల మంది పిల్లలకి చెప్పాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి. నాకు చెప్పలేదు."

"అప్పటిదాకా ఆ పేషెంటుకి మెషిను గొంతు ఉండేది," అంది తల్లి మెల్లగా. "ఒకరోజు మీ నాన్న విన్నారు. ఈ మనిషి చచ్చిపోతున్నాడా, కరెంటు బిల్లు చదువుతున్నాడా అన్నారు. నేను చెబుతాను, నాకిప్పుడు ఆ పాత్ర బాగా వచ్చు అన్నారు. నేను వద్దన్నాను. ఆయన వినలేదు. పిల్లలకి ఉపయోగపడుతుంది కదా, ఊరికే పోవడం ఎందుకన్నారు."

"పాఠానికి పనికొచ్చాడు. మరి నా సంగతి?"

"నీకు చెప్పొద్దన్నారు."

ఆ మాట అంటూ తల్లి ఒక్క క్షణం అత్తగారి వైపు చూసింది. అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"ఆయన వద్దంటే నువ్వెందుకు ఊరుకున్నావు? ఇంట్లోవాళ్ళకి నిజం ఎలా చెప్పాలో పాఠం చెప్పేదానివి నువ్వే. మాకు మార్కులు వేసేదీ నువ్వే. నీకు నువ్వు ఎంత వేసుకుంటావు?"

"తప్పాను," అంది తల్లి.

ఇంకేదైనా అని ఉంటే గొడవ సాగేది. సమర్థించుకున్నా, ఏడ్చినా సాగేది. ఆ ఒక్క మాటతో ఆగిపోయింది. చివరికి నానమ్మే అంది. "పిల్లకి ముందే ఒక మాట చెప్పాల్సింది అమ్మాయ్."

తల్లి అత్తగారి వైపు చాలాసేపు చూసింది.

పిచ్చుక నానమ్మ భుజం మీద తల ఆనించింది. "ఈ ఇంట్లో నాతో అబద్ధం ఆడనిది నువ్వొక్కదానివే నానమ్మా."

నానమ్మ ఆ తల నిమిరింది. తర్వాత వంగి సోఫా కింద బొత్తాం కోసం వెతకసాగింది. చాలాసేపు వెతికింది.

ఫోను మోగింది. ల్యాబు టెక్నీషియను. విద్యార్థులు అతనికి స్క్రూడ్రైవరని పేరు పెట్టారు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో అదే పెట్టుకుని తిరుగుతాడు. ఫోన్లో గట్టిగా మాట్లాడే అలవాటు వల్ల అతని గొంతు గదంతా వినబడింది.

"మేడం, నాలుగో మంచం చెరిపేయమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇవాళ మూడింటికల్లా అయిపోవాలట. కాపీలు కూడా ఉంచకూడదట. మీ సంతకం కావాలి."

"ఎవరిచ్చారు ఫిర్యాదు?"

"నేనే," అంది పిచ్చుక పక్కనుంచి. "నిన్న పొద్దున ఇచ్చాను."

తల్లి ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చుంది. గోడ గడియారంలో ఒంటిగంట దాటింది.

"నాన్న గొంతు ఇచ్చేటప్పుడు రాసిన ఒప్పందం కాగితంలో ఉందట," అంది పిచ్చుక. గొంతు కరుకుగానే ఉంది గాని మాట తడబడుతోంది. "కూతురు వద్దంటే తీసేయాలని. ఆఫీసులో చూసి చెప్పారు."

"ఆ షరతు పెట్టింది మీ నాన్నే. తన చేత్తో రాశారు. కారణం అడక్కుండా చెరిపేయాలి అని కూడా రాశారు."

"నా పేరు రాశాడా?"

"పిచ్చుక అని రాశారు. ఆఫీసువాళ్ళు ఇది చెల్లదన్నారు. మీ నాన్న దాన్ని కొట్టేయకుండా పక్కన కూతురు అని మళ్ళీ రాశారు."

పిచ్చుక పెట్టె ముందు కూర్చుని మడత పెట్టిన చొక్కానే మళ్ళీ మడత పెట్టింది.

తల్లి వంటగదిలోకి వెళ్ళింది. కడిగి బోర్లించిన కప్పుని తీసి మళ్ళీ కడిగింది. ఆమెకి ఇంకా ఒక సంగతి తెలుసు, అది చెప్పాలో వద్దో తెలియడం లేదు. చెబితే, ఫిర్యాదు వెనక్కి తీసుకునేలా కూతురికి ఎర వేసినట్టుంటుంది. చెప్పకపోతే, నాలుగేళ్ళ కిందటి తప్పే ఇంకోసారి చేసినట్టు. మళ్ళీ నువ్వే నిర్ణయించేశావు అంటుంది పిల్ల, అనడంలో తప్పు కూడా లేదు. ఇది కాక చెప్పకూడని మాట మరొకటి ఉంది. దాని మీద ఒట్టు ఉంది కాబట్టి దాని జోలికి ఆమె పోలేదు. కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది.

"ఇది విని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. కాగితం వెనక్కి తీసుకొమ్మని నేను అడగను. అడగబోను కూడా."

పిచ్చుక తలెత్తింది.

"అందులో ఎవరూ వినని మాట ఒకటుంది. నీకోసం. నన్ను బయటికి పంపించి, టెక్నీషియన్ని ఒక్కణ్ణి ఉంచుకుని రికార్డు చేశారు. నాలుగో మంచం పక్కన కుర్చీ ఉంటుంది చూడు. అందులో కూర్చుని నాలుగు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉంటే ఆ మాట వస్తుంది. ఏ శబ్దం చేసినా లెక్క మొదటికి వస్తుంది."

"నాలుగేళ్ళలో ఒక్కరూ వినలేదా?"

"పరీక్ష పది నిమిషాలు. ఎవరు కూర్చుంటారు? కూర్చున్నా ఏదో ఒకటి మాట్లాడేస్తారు, మార్కులు పోతాయని."

"నువ్వు?"

తల్లి తల అడ్డంగా ఊపింది. "నలభైసార్ల పైనే కూర్చున్నాను. ఆ మైకుకి ఏడుపు కూడా మాటే. ప్రతిసారీ మొదటికి వచ్చేసేది."

"కంప్యూటర్లో తెరిచి వినొచ్చుగా. కట్టింది నువ్వేగా."

"వినొచ్చు. నీకంటే ముందు నేను వినకూడదన్నారు. కూర్చుంటే మాత్రం పర్లేదన్నారు, ఎలాగూ కూర్చోలేనని ఆయనకి తెలుసు." తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్న ఫైళ్ళన్నిటికీ తాళం వేసేశారు, నీ ఫిర్యాదు వల్లేనని ఇందాకే తెలిసింది. ఇప్పుడు తెరవడం ఎవరి వల్లా కాదు. వార్డు మాత్రం మూడింటి దాకా నడుస్తుంది."

పిచ్చుక పెట్టె మూసి లేచింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

"వింటాను. విన్న తర్వాత సంగతి తర్వాత," అంది.

"నేనూ వస్తాను," అంది నానమ్మ. చేతిలో తెల్లకోటు అలాగే ఉంది, బొత్తాం లేకుండా.

*

ల్యాబు మూడో అంతస్తులో ఉంది. పేరు గొప్పగా ఉంటుంది గాని, అదొక ఖాళీ గది. నేల మీద రంగు టేపుతో గళ్ళు అతికించి ఉంటాయి, గళ్ళల్లో కుర్చీలు ఉంటాయి. కోట్లు ఖర్చుపెట్టి కట్టిన వార్డులో పేషెంటు పక్కన కూర్చోవాలన్నా చివరికి ఒక ప్లాస్టిక్ కుర్చీ కావాల్సిందే.

వెళ్ళేసరికి రెండుంబావు. స్క్రూడ్రైవరు తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పిచ్చుకని చూసి పలకరించబోయి మానుకున్నాడు.

"గొంతు ఈ తెరలోంచి రాదా?" అని నానమ్మ అడిగింది.

"రాదు పెద్దమ్మగారూ. తలకి పెట్టుకున్నవాళ్ళ చెవికే. ఒకరి పేషెంటు మాటలు ఇంకొకరు వినకూడదని మేడం అలా పెట్టించారు."

పిచ్చుక హెడ్‌సెట్ తగిలించుకుని కుర్చీలో కూర్చుంది. తెర మీద వార్డు కనిపించింది. బూడిదరంగు దుప్పటి, మంచానికి నాలుగో నంబరు అట్ట, కిటికీ బయట వాన. తెర మూలన ఒక చిన్న గీత పొడుగవుతూ పోతోంది. అది చివరిదాకా చేరితే నాలుగు నిమిషాలు.

ఒక నిమిషం అయింది. పిచ్చుక చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. రెండు నిమిషాలు. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడు దాటాక ఆమె పెదవులు ఒక్కసారి విచ్చుకున్నాయి.

"నాన్నా," అంది.

గీత మొదటికి వచ్చేసింది.

"దగ్గాడు," అంది పిచ్చుక హెడ్‌సెట్ తీయకుండానే. "అనౌన్సు చేసేముందు దగ్గేవాడే, అలా దగ్గాడు. మళ్ళీ పెట్టండి."

రెండోసారి సగంలోనే ఏడుపు వచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని మైకు ఊరుకోలేదు. మూడోసారి నిమిషం కూడా నిలవలేదు. నాలుగోసారి కూర్చుంటూనే ఏడ్చింది. తల్లి గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఓదార్చడానికి ముందుకు అడుగు వేస్తే ఆ అడుగు చప్పుడు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకని కదల్లేదు. కూతురు ఏడుస్తుంటే కదలకుండా నిలబడటం ఆ తల్లికి ఇవాళ కొత్త కాదు, అయినా అలవాటు కాలేదు.

రెండూ ముప్పై ఎనిమిదికి పిచ్చుక హెడ్‌సెట్ తీసేసింది. "నా వల్ల కాదు," అంది. ఎవరి మొహమూ చూడలేదు.

"నేను కూర్చుంటాను," అంది నానమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"నాకు తెలుసు ఆ కుర్చీ సంగతి. ఎనిమిది వారాలు వాడి మంచం పక్కనే కూర్చున్నాను. వాడు నిద్రపోతుంటే లేస్తాడని ఊపిరి కూడా మెల్లగా పీల్చేదాన్ని. విని నీకు చెబుతానే. అక్షరం పొల్లు పోకుండా చెబుతాను."

పిచ్చుక నానమ్మ కళ్ళజోడు తీసి తన జేబులో పెట్టుకుంది. నెరిసిన జుట్టు చిక్కుకోకుండా హెడ్‌సెట్ జాగ్రత్తగా తగిలించింది. "భయం వేస్తే చెప్పు" అనబోయి, చెప్పకూడదుగా అని గుర్తొచ్చి ఊరుకుంది.

"వాన పడుతోంది," అంది నానమ్మ. కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

గీత కదిలింది. ఒక నిమిషం. రెండు. ఆమె తెల్లకోటుని ఒళ్ళో పెట్టుకుని దాని అంచుని వేళ్ళతో పట్టుకుంది. మూడు నిమిషాలకి ఆయన దగ్గి ఉంటాడు, ఎందుకంటే ఆమె వేళ్ళు కొంచెం బిగుసుకున్నాయి. నోరు మాత్రం తెరవలేదు. గీత చివరికి చేరి ఆకుపచ్చగా మారింది.

స్క్రూడ్రైవరు తల దించుకున్నాడు. ఆ గదిలో ఆ మాటలు తెలిసినవాడు అప్పటిదాకా అతనొక్కడే.

"ప్రయాణికులకు మనవి," అంది కొడుకు గొంతు ఆమె చెవిలో. "పిచ్చుకా, నాలుగు నిమిషాలు నోరు మూసుకున్నావంటే నువ్వు పెద్దదానివయ్యావన్నమాట. ఈ సమాచారం ఎంత ఆలస్యంగా నీకు చేరుతోందో నాకు తెలీదు. ఆలస్యానికి చింతిస్తున్నాం." ఊపిరి తీసుకోవడానికి ఆగింది గొంతు. "ఇప్పుడు మామూలుగా మాట్లాడతాను. నీకు చెప్పలేదని అమ్మ మీద కోపం పెట్టుకోకు. అమ్మ చెబుదామనే అంది. పదకొండుసార్లు అడిగింది. లెక్కపెట్టాను, పడుకుని నాకు ఇంకేం పని. చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించింది నానమ్మ. నా చెయ్యి తీసి అమ్మ చేతిలో పెట్టి మరీ వేయించింది. ఇల్లు నవ్వుతూ ఉంటే నేను బతుకుతానని నానమ్మకి ఆశ. నేను అడ్డం చెప్పలేదు. నీ ఏడుపు చూసే ధైర్యం నాకు లేకపోయింది, అది నా తప్పు. నానమ్మని కూడా ఏమీ అనకు. నేను పోయాక తనే నీకు అంతా చెబుతానని నాకు మాట ఇచ్చింది. ఈపాటికి చెప్పే ఉంటుందిలే. సరే మరి. తిన్నావా?"

అంతే. వాన చప్పుడు మిగిలింది.

నానమ్మ హెడ్‌సెట్ తనే తీసుకుంది. ఒళ్ళో కోటు మీద పెట్టుకుంది. కళ్ళు తడిగా లేవు. ఎండిపోయి, ఎర్రగా ఉన్నాయి.

పిచ్చుక ఆమె ముందు నేల మీద కూర్చుని రెండు మోకాళ్ళూ పట్టుకుంది. "ఏమన్నాడు నానమ్మా?"

చెప్పాలనే నోరు తెరిచింది నానమ్మ. నాలుగేళ్ళుగా చెప్పాలనే ఉంది ఆమెకి. మొదట పిల్ల ఏడుపు తగ్గనీ అనుకుంది, తర్వాత పరీక్షలు కానీ అనుకుంది, ఆ తర్వాత గుర్తు చేసి ఏం లాభం అనుకుంది. ఇప్పుడు మోకాళ్ళ దగ్గర ఆ మొహం పైకెత్తి చూస్తోంది. ప్రపంచంలో తనని ఇంకా అలా నమ్మి చూసే మొహం అదొక్కటే.

"ఏమీ వినబడలేదే," అంది. "నా చెవులు పోయాయిగా. ఏదో వాన చప్పుడు."

పిచ్చుక చేతులు మెల్లగా మోకాళ్ళ మీద నుంచి జారాయి. లేచి తల్లి వైపు తిరిగింది.

"అంటే అక్కడ ఏమీ లేదు. నాతో కాగితం వెనక్కి తీయించడానికి కట్టిన కథ. ఇందాక తప్పాను అంటే నేను నిజమే అనుకున్నానమ్మా."

రెండు రోజుల తర్వాత నోటివెంట వచ్చిన అమ్మా అన్న పిలుపు అది. తల్లి కూతురి వైపు చూడలేదు. అత్తగారి చేతుల వైపు చూసింది. ఆ చేతులు హెడ్‌సెట్‌ని వదలడం లేదు. ఏమీ వినని మనిషి దాన్ని అలా పట్టుకోదు. లోపల ఏ మాట ఉందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

చెప్పొచ్చు. ఒట్టు వేయించుకున్న మనిషి ఎదురుగానే ఉంది. ఒట్టు ఎవరికోసం వేసిందో ఆ మనిషి లేడు. ఒక్క మాట చెబితే కూతురు దక్కుతుంది. కాని ఆ మాట ఇప్పుడు తన నోటి నుంచి వస్తే ఈ పిల్ల నమ్ముతుందా?

"చెరిపేయండి," అంది పిచ్చుక టెక్నీషియనుతో. "అమ్మా, సంతకం పెట్టు."

గడియారం రెండూ యాభై రెండు చూపిస్తోంది. తల్లి కలం తీసుకుంది. సంతకం పెట్టాల్సింది ఆ పాత ఒప్పందం కాగితం మీదే. అందులో ఒకచోట పిచ్చుక అని, పక్కనే కూతురు అని ఆయన దస్తూరీ ఉంది. కలం మొన ఆ పక్కనే ఆగిపోయింది.

స్క్రూడ్రైవరు మీట మీద చెయ్యి వేయలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "పెద్దమ్మగారూ, నిజంగా మీకేమీ వినబడలేదా?"

నానమ్మ తల వంచి ఒళ్ళోని కోటు వంక చూసింది. పిచ్చుక అతని వైపు, తర్వాత నానమ్మ వైపు చూసింది. ఆమె చూపులో మొదటిసారి ఒక అనుమానం మెదిలింది.

కుర్చీలో మనిషి హెడ్‌సెట్ తీసేస్తే ఆ పేషెంటు కాసేపటికి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. తల్లే అలా అమర్చింది, తర్వాతి విద్యార్థి కోసం. నిశ్శబ్దంగా ఉన్న ఆ గదిలో, నానమ్మ ఒళ్ళోని హెడ్‌సెట్ లోంచి సన్నగా గొంతు వచ్చింది.

"సిస్టరుగారూ, కొంచెం ఇటు రండి. నిజం చెప్పండి, దాచొద్దు."

నానమ్మ రెండు చేతులతో దాన్ని గట్టిగా మూసింది. అయినా ఆ గొంతు వినబడుతూనే ఉంది.